అవ్వ సారు

మనిషి చచ్చిపోయాడన్న వార్త కింద ఎవడైనా నవ్వు బొమ్మలు పెడతాడా? పెట్టారు. ఒకడు కాదు, వందలమంది. కళ్లనీళ్లు కారేలా పళ్లికిలించే ఆ పచ్చ ముఖాలు వరసగా కిందికి దిగుతూనే ఉన్నాయి. సిగ్గూ శరం లేని లోకం.

మొన్న శుక్రవారం, సౌదీలో, తాయిఫ్‌లో మా రూములో అన్నాలు తిని నడుం వాల్చాం. నా పక్క మంచం అతనిది నిర్మల్ దిక్కు, ఏసీ మెకానిక్. ఫోన్ ముఖం మీద పెట్టుకొని కడుపు పట్టుకు నవ్వుతున్నాడు.

"కాకా, లేసి గీ తెల్లోన్ని సూడు. సొంత గోల్లనే కొట్టుకున్నడు! సచ్చిపోయిండట. జిందగీ మొత్తంల గీ ఒక్క గోలే కొట్టిండట కాకా!"

చూశాను. రంగులు వెలిసిపోయిన పాత వీడియో, వానలో ఆట. ఒక ఆటగాడు మనకు వీపు పెట్టి నిలబడ్డాడు. మోకాళ్లు కొంచెం వంచి, చేతులు రెండువైపులా చాపి, చేలో పడబోయే బర్రెను ఆపుతున్నట్టు నిలబడ్డాడు. ముఖం చూడనక్కర్లేకపోయింది నాకు. ఆ వీపు ఎవరిదో తెలుసు. మేజోళ్లు చీలమండల దాకా మడిచి ఉన్నాయి, అదీ తెలుసు.

"బంద్ చెయ్" అన్నాను.

"ఆగు కాకా, అసలు మజా ఇప్పుడే..."

"బంద్ చెయ్యమంటిని గద! సచ్చినోన్ని సూసి నవ్వుతాన్లా నువ్వు? ఇంట్ల నేర్పింది గిదేనా?"

పాపం, అతనికేం తెలుసు. బిత్తరపోయి ఫోన్ పక్కన పెట్టాడు. నేను చెప్పులేసుకొని బయటికొచ్చి గోడ పక్కన కూర్చున్నాను. ఇంత కోపం వచ్చి ఎన్నేళ్లయిందో.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఎక్కడ కొట్టి వెతికినా ఇప్పుడు ఆ ఒక్క గోలే వస్తుంది. ఏళ్ల తరబడి ఆపిన గోల్స్ ఒక్కటీ రావు. ఆపినదాన్ని ఎవడు వీడియో తీస్తాడు? మాకు ఆయన పేరుతో ఎన్నడూ పని పడలేదు. మేం ఆయన్ని అవ్వ సారు అనేవాళ్లం.

ఖఫ్జీలో ఉండేవాళ్లం అప్పుడు. కువైట్ సరిహద్దు పక్కనే, చమురు బావుల ఊరు. ఆఫీసర్ల క్లబ్బుకు ఒక ఫుట్‌బాల్ గ్రౌండు ఉండేది. గడ్డి పెంచేది మేము, వంట చేసేది మేము, పైపులు బాగుచేసేది మేము. అందరం ఒకే కాంట్రాక్టు కంపెనీ మనుషులం, మా వీసాలకు జామీనున్న ఒకే అరబ్బు యజమాని, కఫీల్ కింద. ఆఫీసర్లకు ఆట నేర్పడానికి ఇంగ్లండ్ నుంచి తెచ్చిన ఈ కోచ్ కూడా ఆ కంపెనీ లెక్కలోనే. ఆయన పాస్‌పోర్టు మా పాస్‌పోర్టులున్న ఇనపపెట్టెలోనే పడి ఉండేది. ఆ సంగతి తెలిసిన రోజున సాయిలు నా డొక్కలో పొడిచి, "తెల్లోడు గూడ మనోడేరా" అని పకపకా నవ్వాడు.

సాయిలుదీ నాదీ ఒకే ఊరు, బొగ్గుబాయి ఊరు. వాడు టిప్పర్ తోలేవాడు. నేను గ్రౌండుకు నీళ్లు పెట్టేవాణ్ణి. మురుగును శుభ్రం చేసి వదిలిన నీళ్లవి, సాయంత్రం అయ్యేసరికి ఒళ్లంతా అదే వాసన. ఆఫీసర్లు నా పక్కనుంచి పోతూ ముక్కు మూసుకునేవాళ్లు. ఈ సారు మాత్రం దగ్గరికొచ్చి గట్టిగా పీల్చి, "మా ఊరి గ్రౌండు వాసన!" అని వెక్కిరించేవాడు.

నలభై అయిదేళ్లుంటాయేమో. ముక్కు రెండుసార్లు విరిగి ఒక పక్కకు పోయింది. కుడి మోకాలు మెట్లెక్కేటప్పుడు టక్కున చప్పుడు చేసేది. పాలులేని చాయ్‌లో గ్లాసు సగం చక్కెర వేసుకునేవాడు. దేశం కాని దేశంలో చక్కెర తప్ప వేరే చెడ్డ అలవాటు ఆయనకు లేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆఫీసర్లు ప్రాక్టీసు చెయ్యాలంటే అవతల ఇంకో జట్టు ఉండాలి కదా. ఒకనాడు సారు మమ్మల్ని పిలిచాడు. మా పని ఉత్తగా అడ్డం నిలబడడం, వాళ్ల పని గోల్స్ కొట్టడం. వాళ్లు అలాగే అనుకున్నారు. సారు అనుకోలేదు. వారం తిరక్కముందే మాకు డిఫెన్స్ నేర్పడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఆ ఆఫీసర్లు మమ్మల్ని దాటి ఒక్క గోలు కొట్టలేక గిలగిలలాడారు. లేబర్ వాళ్లు మరీ మొరటుగా ఆడుతున్నారని కంప్లయింటు కూడా పెట్టారు. ఛీ, ఏం మనుషులు.

ఆయన నేర్పిందల్లా రెండే ముక్కలు. మొదటిది, బంతితో వచ్చేవాడి మీదికి దూకొద్దు. ఎదురుగా నిలబడి వెనక్కి వెనక్కి జరుగు. మంచి దారి మూసెయ్, చెడ్డ దారి తెరిచిపెట్టు. వాడే తెలివిగల్లోణ్ణి అనుకొని ఆ చెడ్డ దారిలోకి పోతాడు. నేల మీద పడ్డావా, నీ పని అయిపోయినట్టే. "వెయిట్, వెయిట్" అని అరిచేవాడు. సాయిలు ఒకసారి "జర ఆగు అంటుండు సారు" అని మాకు చెప్తే, ఆ ముక్క ఆయన పట్టేసుకున్నాడు. ఆ రోజు నుంచి అరచేతులు కిందికి అదుముతూ "జర ఆగు, జర ఆగు" అనడమే. ఆ విరిగిన ముక్కుతో మన తెలంగాణ మాట వింటుంటే నవ్వాగేది కాదు.

రెండోది, అరవడం. ఇదే మాకు రాలేదు. ఎట్లా వస్తుంది? విమానం ఎక్కేముందు ఇంట్లో చెప్పి పంపింది ఒకటే, నోరు మూసుకొని పనిచేసుకో అని. వచ్చాక ఏజెంటు, ఫోర్‌మన్, క్యాంపు మేనేజర్ చెప్పిందీ అదే. బంతి మా నెత్తిమీదికి వస్తున్నా పక్కవాడికి చెప్పేవాళ్లం కాదు, మౌనంగా చూస్తుండేవాళ్లం. సారుకు పిచ్చి కోపం వచ్చేది. "టాక్! టాక్ టు మీ!" అని గొంతు చించుకునేవాడు. ముందున్నవాడికి వెనక కళ్లుండవు, వెనకున్నవాడు చూసింది చెప్పాలి, చెప్పకపోతే వాడు గుడ్డివాడితో సమానం అనేవాడు.

బంతిని దూరంగా తన్ని గండం తప్పించాల్సి వస్తే ఆయనే అరిచేవాడు. "అవ్వే!"

మాకు అలాగే వినబడింది. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. దెబ్బ తగిలినా, గుండె గుభేలుమన్నా నోటికొచ్చేది అవ్వే. ఇంత మొద్దు మనిషి, ముక్కు రెండుసార్లు విరిగినవాడు, బంతి వస్తే చాలు తల్లిని తలుచుకుంటున్నాడే అని మేం గుసగుసలాడుకున్నాం. "పాపం, ఎన్నేండ్లాయెనో ఇంటి మొకం సూడక" అని సాయిలు జాలిపడ్డాడు. అవ్వ సారు అన్న పేరు అప్పుడే పడింది. మేమూ అరవడం మొదలుపెట్టాం. బంతి వస్తే చాలు ముప్పై గొంతులు "అవ్వే!" అని. ఆయన సంబరపడిపోయాడు. వీళ్లకు ఇంగ్లీషు వచ్చేసిందనుకున్నాడు.

నెలల తర్వాత బయటపడింది. మా గదిముందు కింద కూర్చొని ఖుబ్బూస్ రొట్టె పప్పులో ముంచుకొని తింటూ, తనను అవ్వ సారు అని ఎందుకంటారని అడిగాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అవ్వ అంటే మదర్, యువర్ మదర్, యూ కాలింగ్. ఆయన మొదట బిత్తరపోయాడు. తర్వాత నవ్వు మొదలైంది. పప్పు ముక్కులోకి పోయి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అది అవ్వ కాదట, 'అవే' అట, దూరంగా పొమ్మని. తమ ఊళ్లో దాన్ని అలాగే సాగదీసి పలుకుతారట. తమదీ బొగ్గుబాయి ఊరే అన్నాడు. సాయిలూ నేనూ ముఖాలు చూసుకున్నాం.

నవ్వు ఆగాక, మీరన్నది కూడా తప్పు కాదులే అన్నాడు. వాళ్లమ్మ ప్రతి ఆటకూ వచ్చి గోల్ వెనకాల నిలబడి ఆయనకంటే గట్టిగా అదే మాట అరిచేదట.

ఆ పూటే చెప్పాడు ఆ గోలు సంగతి. మేమే అడిగాం, ఎన్ని గోల్స్ కొట్టావు సార్ అని. "ఒకటి" అని వేలు చూపించి, బొటనవేలితో తన వీపు వెనక్కి చూపించాడు.

పదహారేళ్లకు ఒక క్లబ్బులో చేరి పెద్ద ఆటగాళ్ల బూట్లు తుడిచాడట. తర్వాత చిన్న చిన్న ఊళ్ల క్లబ్బుల్లో ఆడాడు. వేసవిలో ఆట ఉండదు కాబట్టి ఇళ్లకు రంగులేసేవాడు. పేపర్లో పేరు వచ్చేది కాదు. డిఫెండరు బాగా ఆడాడంటే ఆ రోజు ఏమీ జరగలేదని అర్థం కదా. ఒక ఏడాది ఆఖరి ఆట. ఓడిపోకుండా ఉంటే చాలు, క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోదు. వాన. బంతి ఈయన కాళ్లదగ్గరే ఉంది, ఏ ప్రమాదమూ లేదు. వెనక తన గోల్‌కీపర్ గోల్ దగ్గరే ఉన్నాడనుకొని మెల్లగా అటు తోశాడు. ఆ కీపరేమో నోరు మెదపకుండా ముందుకు వచ్చేసి ఉన్నాడు. బంతి అతని పక్కనుంచి దొర్లుకుంటూ పోయి గోల్‌లో పడింది.

"ఆయినె పిలువలేదా సార్?" అన్నాడు సాయిలు.

పిలవలేదన్నాడు.

"మరి తప్పు ఆందే గద! నీదేంది?"

సారు కుడిచెయ్యి భుజం మీదికి ఎత్తి, అరచెయ్యి తెరిచి చూపించాడు. నాదే తప్పు అని జనానికి చెప్పే సైగ అది. కీపర్ కొత్తగా వచ్చినవాడట, కొత్తవాణ్ణి జనం బతకనియ్యరట, అందుకని తానే చెయ్యి ఎత్తాడట. జనం నమ్మారు. మరుసటి ఏడు క్లబ్బు ఈయన్ని పొమ్మంది. ఆ తర్వాత ఏ ఊరికి పోయి ఆడినా, గోల్ వెనక నిలబడ్డ జనం ఆ గోలును గుర్తుచేసి పాటలు పాడేవాళ్లు.

"నీ అవ్వ గా దినం లేదా సార్, ఎనకాల?" అన్నాను.

లేదు, జ్వరం అన్నాడు. ఉండి ఉంటే అరిచేది అన్నాడు.

ఆ చెయ్యెత్తడం ఉందే, అది నాకు మొదటినుంచీ అరికాలి మంట. గ్రౌండులో ఎవడు తప్పు చేసినా ఆయన చెయ్యే పైకి లేచేది. సాయిలు బంతిని వదిలేస్తే సారు చెయ్యి. నేను కాలుజారి పడితే సారు చెయ్యి. "దించు సార్, నీ తప్పు కానిదానికి నీకేం పట్టింది" అని ముఖం మీదే అరిచేవాణ్ణి. నవ్వేవాడు. నువ్వు మాట్లాడుతున్నావు చూడు, అదే నాకు కావలసింది అనేవాడు. అట్లాంటివాడితో ఏం మాట్లాడతాం?

సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగాక మా ఊరు అంచు మీద కూర్చున్నట్టయింది. ఆఫీసర్లకు గ్యాస్ మాస్కులు ఇచ్చారు. మాకు తడి తువ్వాలు ముక్కుకు కట్టుకోమన్నారు. సారుకూ ఒక మాస్కు వచ్చింది. ముఖానికి తగిలించుకొని చూసి, దీంట్లోంచి అరవడానికి రావట్లేదని తీసి గోల్‌పోస్టుకు వేలాడగట్టాడు. మీ దేశపోళ్లందరు పోతున్నరు, నువ్వెందుకు పోవు సార్ అని అడిగితే, అక్కడ చలి అన్నాడు.

జనవరిలో ఒక పొద్దున ఉత్తరం దిక్కునుంచి గుండ్లు పడడం మొదలైంది. చమురు ట్యాంకు ఒకటి అంటుకొని ఆకాశం సగం నల్లబడింది. కిటికీ అద్దాలు గిలగిలా కొట్టుకున్నాయి. ఆఫీసర్లు తమ బస్సుల్లో గంటలోపే దక్షిణానికి వెళ్లిపోయారు. మా డ్రైవర్ ఎవరిదో లారీ పట్టుకొని పారిపోయాడు. మేం ముప్పై మందిమి పైచిలుకు క్యాంపులో మిగిలాం. మా కంపెనీ బస్సు షెడ్డులో నిలబడి ఉంది. తాళం మేనేజర్ చొక్కా జేబులో ఉంది.

ఈ మేనేజర్ ఎవరో కాదు, మా జిల్లావాడే. మన భాషే. పరాయివాడైతే ఇంత మండదు నాకు. జీపులో పాస్‌పోర్టుల పెట్టె ఎక్కించాడు. తర్వాత ఆఫీసు టీవీ ఎక్కించి దానికి దుప్పటి చుట్టించాడు. టీవీకి చోటుంది, మనుషులకు లేదు.

"లిజన్, ఎవరూ ప్యానిక్ కావద్దు. దమ్మామ్ నుంచి బస్ అరేంజ్ చేస్తున్నాం. మీరు కామ్‌గా రూముల్లో ఉండండి" అన్నాడు.

సాయిలు చేతులు జోడించాడు. "సార్, మన బస్సే ఉండె గద. నేను తోల్త. తాళం ఇయ్యుండ్రి, మీ బాంచెన్."

"అది కంపెనీ ప్రాపర్టీ. బార్డర్‌లో డ్యామేజ్ అయితే రెస్పాన్సిబిలిటీ ఎవడిది? నీకు బస్ లైసెన్స్ ఉందా?"

గుండ్లు పడుతున్నాయి, వీడు లైసెన్స్ అడుగుతున్నాడు! ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే నాకు తల నరాలు తెగుతాయి.

అప్పుడే సారు గ్రౌండు వైపునుంచి బంతుల సంచి భుజానేసుకొని వచ్చాడు. ఏమైందని నన్ను అడిగాడు. "సార్, బస్ కీ హిజ్ పాకెట్. హీ గో. వుయ్ నో గో" అన్నాను. అంతకంటే మంచి ఇంగ్లీషు ఆ పూట అవసరం లేకపోయింది. ఆయన సంచి కింద పెట్టాడు. వంగి రెండు మేజోళ్లూ చీలమండల దాకా మడిచాడు. ఆట మొదలయ్యేముందు ఎప్పుడూ అలాగే చేసేవాడు. పోయి గేటులో జీపుకు ఎదురుగా నిలబడ్డాడు.

మోకాళ్లు వంచి, చేతులు చాచి.

మేనేజర్ హారన్ కొట్టాడు. జీపు ముందుకు కదిలించాడు. సారు పక్కకు తప్పుకోలేదు, మీద పడనూ లేదు. ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, జీపు ఎటు తిరిగితే అటు జరుగుతూ, అరచేతులు కిందికి అదుముతూ "జర ఆగు, జర ఆగు" అంటున్నాడు. పక్కనే బాంబులు పడుతుంటే ఇదేం ఆటరా దేవుడా అనిపించింది. మేనేజర్ తల బయటపెట్టి మా మీద అరిచాడు.

"ఏయ్, ఆ పిచ్చోణ్ణి పక్కకు లాగండి! లాగినోడికి జీపులో సీటిస్తా!"

ఒక్కడూ కదల్లేదు. అది గొప్పే. కానీ ఒక్కడూ నోరు కూడా తెరవలేదు. సారు వెనక, గేటు దాటగానే వాల్వు గుంత ఉంది. దాని మూత ఎవడో ఎన్నడో ఎత్తుకుపోయాడు. ఆయన వెనక్కి అడుగులేస్తూ సరిగ్గా దానిమీదికే పోతున్నాడు. మాకు కనబడుతోంది, ఆయనకు కనబడదు. మేనేజర్ అద్దంలోంచి మా ముఖాలన్నీ చూస్తున్నాడు. ఎవడి గొంతు లేస్తే వాడి పాస్‌పోర్టు ఆ పెట్టెలోంచి ఇక బయటికి రాదు.

"టాక్!" అని అరిచాడు సారు, జీపు మీదినుంచి చూపు తిప్పకుండానే. "టాక్ టు మీ!"

నా పక్కన సాయిలు గొంతు పగిలింది. "అవ్వేఏ!"

సారు వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు, ఏమిటి అనుకోలేదు. మాట వినబడ్డ క్షణంలో మాకు కుడివైపుకు గెంతాడు. గుంత పక్కనే పడింది ఆయన అడుగు. ఎడమవైపు జీపు పట్టేంత సందు ఏర్పడింది. మేనేజర్ ఇదే అదను అనుకొని అటు తిప్పాడు. తిప్పేటప్పుడు బంపరు సారు కుడిమోకాలికి తగిలింది. ఆ చప్పుడు మా అందరికీ వినబడింది.

ఆ ఎడమ పక్క నా గ్రౌండు నీళ్లు ఇంకే చోటు. పైన ఉప్పు పేరుకొని గట్టి నేలలాగే ఉంటుంది, కింద మోకాల్లోతు రొచ్చు. గ్రౌండు మీద తిరిగే మాకు తెలుసు, సారుకు తెలుసు. ఏసీ గదిలో కూర్చునేవాడికి ఏం తెలుస్తుంది? ముందు చక్రాలు రెండూ ఇరుసుదాకా దిగబడ్డాయి. సారు అప్పటిదాకా ఒంటికాలి మీద నిలబడే ఉన్నాడు. జీపు ఆగిపోయిందని చూసుకొని అప్పుడు కూలబడ్డాడు.

అప్పుడు పగిలాయి అందరి గొంతులూ. ముప్పైమందీ "అవ్వే! అవ్వే!" అని అరుస్తూ జీపును చుట్టేశారు. నేను కిటికీలో చెయ్యి పెట్టాను.

"తాళం తియ్యి. సార్ గీర్ ఏం లేదిప్పుడు. తియ్యి!"

వాడు తాళం నా చేతికివ్వలేదు. ఆ రొచ్చు నీళ్లలోకి విసిరేశాడు. సాయిలు మోకాళ్ల మీద కూర్చొని ఆ మురుగంతా చేత్తో దేవి దాన్ని తీశాడు.

ఇక్కడితో అయిపోతే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. సారు కూర్చున్నచోటి నుంచే జీపును చూపించి, తోయండి అన్నాడు. నేను తోయనన్నాను. "ఉండనియ్యి సార్, ఆని టీవీ సూస్కుంట కూసుంటడు" అన్నాను. కింద పడ్డవాణ్ణి వదిలేసి పోకూడదట. ఆట నియమమట. మేం తోశాం. రొచ్చంతా మా ముఖాల మీదికి చిమ్మింది. జీపు గట్టెక్కగానే వాడు వెనక్కి కూడా చూడకుండా మాకంటే ముందు వెళ్లిపోయాడు. సారును ఎత్తి బస్సులో వెనక సీట్లో పడుకోబెట్టాం. దమ్మామ్ దాకా సాయిలే తోలాడు. ఒక్క గీత పడలేదు ఆ బస్సుకు.

యుద్ధం అయిపోయింది. దమ్మామ్ ఆఫీసులో కంపెనీ పెద్ద ముదీర్ ముందుకు మమ్మల్ని పిలిపించారు. మేనేజర్ ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆయన పక్కన కూర్చున్నాడు. కోచ్ ఆ రోజు తాగి ఉన్నాడని చెప్పాడు. తాగి జీపుకు అడ్డంపడ్డాడు, లేబర్ వాళ్లు తాళం గుంజుకొని బస్సు దొంగిలించారు, తోలినవాడు ఇతను అని సాయిలును చూపించాడు. సౌదీలో తాగాడన్న మాటకు, దొంగిలించాడన్న మాటకు అర్థం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు, మొదటిదానికి కొరడా దెబ్బలు, రెండోదానికి చెయ్యే పోతుంది. సాయిలు గోడకు ఆనుకున్నాడు.

నేను మాట్లాడాను. నాకొచ్చిన హిందీలో గట్టిగానే మాట్లాడాను. "సాబ్, ఝూట్ హై! చాయ్ పీతా హై ఓ, సిర్ఫ్ చాయ్! యే హమ్‌కో మర్‌నే ఛోడ్‌కే భాగా!" అని. అంతా అబద్ధం, ఆయన తాగేది చాయే, మమ్మల్ని చావుకు వదిలి పారిపోయింది వీడే అన్నాను. మిగతావాళ్లూ అందుకున్నారు. పదిమంది ఒకేసారి మాట్లాడడం ఆ గదిలో అదే మొదటిసారి అయి ఉంటుంది. ముదీర్ బల్ల మీద చేత్తో కొట్టి "ఖలాస్!" అన్నాడు. కంపెనీకి మేనేజర్ కావాలి. ఎవడో ఒకడు తప్పు మోయాలి. బస్సు దొంగ ఎవడో తేల్చమని పోలీసుకు ఫోన్ చెయ్యబోయాడు.

కర్ర పట్టుకొని మూల నిలబడ్డ సారు కుడిచెయ్యి భుజం మీదికి ఎత్తాడు. అరచెయ్యి తెరిచి.

తాళం తీసుకున్నది నేను, తోలమన్నది నేను, అతను నా మాట విన్నాడు, అంతే అన్నాడు. తాగాడన్నదానికి అవుననలేదు, కాదనలేదు. ముదీర్ ఫోన్ కింద పెట్టాడు. వారంలో ఆయన పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర పడింది. మళ్లీ ఈ దేశం రావడానికి లేదు. మేనేజర్‌కు ఆ ఏడే పెద్ద పోస్టు ఇచ్చారు. రాసుకోండి, ఇదీ న్యాయం.

ఎయిర్‌పోర్టు కారు ఎక్కేటప్పుడు నేను తిట్టాను ఆయన్ని. "ఎందుకు లేపినవ్ సార్ చెయ్యి? మేం మాట్లాడుతలేమా? మాట్లాడమని నువ్వే గద నేర్పితివి!" అన్నాను. ఎంత అర్థమైందో తెలియదు. వంగని మోకాలిని రెండు చేతులతో ఎత్తి కారులో పెట్టుకున్నాడు. రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టి, నోరు తెరిచి మూసి చూపించాడు. మాట్లాడుతూ ఉండండి అని. కారు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు, మొన్నటి పచ్చ ముఖాల దాకా.

సాయంత్రం రూములోకి వెళ్లి మెకానిక్‌ను ఆ వీడియో నా ఫోన్‌కు పంపమన్నాను. కిక్కురుమనకుండా పంపాడు. ఈసారి ఆఖరిదాకా చూశాను. వాన, బురద, బంతి మెల్లగా దొర్లుతోంది. ఆ కీపర్ ముందుకు వస్తున్నాడు, నోరు మూసుకొని. చుట్టూ తనవాళ్లే పదిమంది ఉన్నారు. ఒక్కడు అరిస్తే చాలు. ఒక్కడూ అరవలేదు. నేను అరిచాను, ఫోన్ మీద, "అవ్వే!" అని. మెకానిక్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. బంతి పోయి పడాల్సినచోట పడింది.

సాయిలుకు ఫోన్ చేశాను. వాడు ఇప్పుడు మా ఊళ్లో ఆటో నడుపుతున్నాడు, మనవడు కూడా పుట్టాడు. సారు పోయిండట అని చెప్పాను. వీడియో వచ్చింది, ఆ గోలు, జనం నవ్వుతున్నారు అన్నాను. అవతల ఆటో ఇంజను ఆపిన చప్పుడు వచ్చింది.

"గోల్ పడ్డంక..." అన్నాడు చివరికి. "అండ్ల గూడ చెయ్యి లేపిండా?"

"లేపిండు."

"ఆని చెయ్యి ఇరుగ!" అన్నాడు సాయిలు.